గంట మోగేలోగా

పిల్లలూ, ఏడాదిపాటు మీరు చేసిన పనిని మూడు నిమిషాల్లో చెప్పమంటే ఏం చేస్తారు? గబగబా మాట్లాడేస్తారు, అవునా? నేనూ ఒకప్పుడు అదే చేశాను.

అప్పుడు మేము అంబర్‌పేటలో ఉండేవాళ్ళం. తార్నాకలో ఒక విద్యార్థుల సభ జరిగింది. మా పేట బావుల నీళ్ళలో క్రిములున్నాయేమో నేను పరీక్షించాను గనక, ఆ సంగతి చెప్పటానికి నాకు పది నిమిషాలిచ్చారు. నేను 24 స్లైడ్లు తయారుచేసుకున్నాను. పది నిమిషాలంటే 600 సెకండ్లు. స్లైడుకు 25 సెకండ్లు మాత్రమే! ఈ చిన్న లెక్క నాకు తోచలేదు. వానలు ఎలా కురుస్తాయి, గాజుగొట్టాలు ఎలా కడిగాను, ఇవన్నీ చెబుతూండగానే గంట మోగింది. ఏడో స్లైడు దగ్గిరే వేదిక దిగాను.

మా నాన్నగారు వెనక వరసలో కూర్చుని విన్నారు. ఇద్దరం ఉస్మానియా ఆవరణ గుండా నడిచి ఇంటికి వస్తున్నాం. 1939లో ప్రారంభమైన ఆ గులాబిరంగు రాతి ఆర్ట్స్ కాలేజీ ముందుకు వచ్చాక ఆయన, "అంతా బాగానే ఉందిరా. ఇంతకూ మన బావి నీళ్ళు తాగవచ్చునా, కూడదా?" అన్నారు.

ఆ సంగతి 22వ స్లైడులో ఉన్నది!

ఇలాటి తిప్పలు పడేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒకసారి పెద్ద కరువు వచ్చింది. నీళ్ళు పొదుపు చెయ్యటానికి జనం స్నానాల గదుల్లో, గుడ్లు ఉడికించేటప్పుడు వాడే మూడు నిమిషాల గడియారాలు తగిలించుకున్నారు. దీన్నిబట్టే అక్కడి విశ్వవిద్యాలయంలో అలన్ లాసన్ అనే ఆచార్యుడికి ఒక ఆలోచన తట్టింది. 2008లో పోటీ పెట్టారు. పరిశోధన చేసే విద్యార్థి తన పని యావత్తూ మూడు నిమిషాల్లో చెప్పాలి. ఒకే ఒక స్లైడు, అదీ కదలని బొమ్మ. ఒక్క సెకండు మించినా పోటీలో లేనట్టే!

జపానులో మరొక పద్ధతి పుట్టింది. 2003లో టోక్యోలో ఇద్దరు భవనశిల్పులు దీన్ని ప్రారంభించారు. పేరు "పెచకుచ", అంటే పిచ్చాపాటీ అన్నమాట. 20 స్లైడ్లు, ఒక్కొక్కటీ 20 సెకండ్లు. స్లైడు దానంతటదే మారిపోతుంది, మాట్లాడేవాడి కోసం ఆగదు. మొత్తం ఎంత సేపవుతుందో మీరే లెక్కకట్టండి.

స్లైడు నిండా అక్షరాలు నింపితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే, మీరు పత్రిక చదువుతూండగా అమ్మను ఏదైనా కథ చెప్పమనండి. చదివిందీ మనసుకెక్కదు, విన్నదీ ఎక్కదు. అదే ఒక బొమ్మ చూస్తూ వినండి, రెండూ ఒకదానికొకటి సాయపడతాయి.

సరే, నా కథ పూర్తికాలేదు. ఆ రాత్రి నేను ప్రసంగం మళ్ళీ రాశాను. మొదటి వాక్యమే నాన్నగారి ప్రశ్నకు జవాబు. వానలూ, గాజుగొట్టాలూ పోయాయి. గాజుగొట్టాలను కొట్టెయ్యటానికి ప్రాణం ఒప్పలేదు, వాటిని కడగటానికి నేను పడ్డ శ్రమ నాకు తెలుసు! 24 స్లైడ్లకు బదులు ఒకే బొమ్మ మిగిలింది: మా పేట పటం, మంచి బావులకు పచ్చచుక్క, చెడ్డవాటికి ఎర్రచుక్క.

మర్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతెత్తి చెప్పాను. నాన్నగారు చేతిగడియారం చూస్తూ కూర్చున్నారు. ఇంకా ఒక నిమిషం మిగిలి ఉండగానే ఆయన లోపలికి తిరిగి, "ఏమోయ్, ఇవాళ్టినుంచి నీళ్ళు కాచి చల్లార్చు," అన్నారు.