ఏ ఒడ్డుకు వెళదాం?

"అక్కడ అల ఎంత ఎత్తు లేస్తుందే?" అని అడిగింది మా అమ్మ.

ఓడలో మాకిచ్చిన రంగురంగుల పుస్తకంలో ఆ ఒక్క ప్రశ్నకు తప్ప తక్కిన ప్రశ్నలన్నిటికీ జవాబులున్నవి. ఏ ఒడ్డున ఏమి తినవచ్చునో, ఏ ఒడ్డున ఏమి తాగవచ్చునో, ఎక్కడ పడవకు తాడు కట్టించుకుని ఆకాశంలో ఎగరవచ్చునో, అన్నీ బొమ్మలతో సహా వేశారు. అల ఎత్తు మాత్రం ఎక్కడా వేయలేదు. వేయవలసిన అవసరం వాళ్ళకు తోచి ఉండదు. మా అమ్మకు మాత్రం అదొక్కటే అవసరం.

అసలు సంగతి చెప్పకపోతే పాఠకులకు ఈమె ఎవరో మరీ భయస్థురాలనిపించవచ్చు. మా అమ్మ పుట్టిల్లు నాగాయలంక దగ్గర ఒక పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చిన నాడు ఆమె పుట్టింట్లోనే ఉన్నది. ఆమె బడి కప్పు ఎక్కి బతికింది. వెనకనే వస్తున్న మా పెద్దమ్మ రాలేదు. ఈ సంగతి మా మేనమామ చెప్పగా విన్నదే గాని, అమ్మ నోట ఏనాడూ వినలేదు. మేము బందరులో ఉన్న పదేళ్ళలో కాలేజీ పిల్లలతో నేను మంగినపూడి ఒడ్డుకు ఎన్నిసార్లో వెళ్ళాను. అమ్మ ఒక్కసారి కూడా రాలేదు. "మీరు వెళ్ళిరండి, నాకు ఇంట్లో పనున్నది" అనేది. ఆ పనేమిటో మేమూ అడిగేవాళ్ళం కాదు.

అటువంటి మనిషికి, డెబ్బయ్యో పుట్టినరోజు పండుగ చేస్తానని ఫ్లారిడాలో ఉన్న మా తమ్ముడు ఓడ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నాడు. కొన్న తరువాత చెప్పాడు. కొడుకు ముచ్చటపడి కొన్నది కాదనలేక అమ్మ వచ్చింది. 2023 జనవరిలో, సంక్రాంతి సెలవులకు మరి నాలుగు రోజులు కలుపుకుని నేనూ వెళ్ళాను. ఓడ అంటే అది ఓడ కాదు. నీటిమీద నడిచే పన్నెండంతస్తుల మేడ. అందులో సముద్రం చూడకుండా ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. అమ్మ సరిగ్గా అలాగే ఉన్నది. గదిలో, భోజనశాలలో, మెట్ల దగ్గరి సోఫాలో కూర్చునేది. పైతట్టు మీదికి మాత్రం రాలేదు. తమ్ముడు మొహం చిన్నబోయింది.

"అక్కా, ఒక్క ఊళ్ళోనైనా అమ్మను కిందికి దింపాలి. ఎక్కడో నువ్వే చూడు" అన్నాడు వాడు. అలా ఆ బాధ్యత నా నెత్తిన పడింది.

తొమ్మిది గంటల లెక్క

మేము ఎంచుకున్న మజిలీ సెంట్ లూషియా. కరేబియన్ సముద్రానికి తూర్పు అంచున వరుసగా ఉన్న చిన్న దీవులలో అదొకటి. పొడవు 43 కిలోమీటర్లు, వెడల్పు 22. జనాభా రెండు లక్షలలోపు. ఇంగ్లీషువారూ ఫ్రెంచివారూ దానికోసం తగవులాడగా, అది పద్నాలుగుసార్లు చేతులు మారింది. చివరికి 1979 ఫిబ్రవరి 22న స్వతంత్ర దేశమైంది. రాజ్యభాష ఇంగ్లీషు. ఊళ్ళ పేర్లు మటుకు ఫ్రెంచివి. ఇళ్ళలో మాట్లాడుకునేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్వేయోల్ అనే భాష. వీధి పలకలు చూస్తుంటే నాకు మన యానాం జ్ఞాపకం వచ్చింది.

ఓడ ఉదయం ఎనిమిదికి రేవు కాస్ట్రీస్ చేరుతుంది, సాయంత్రం అయిదుకు వదులుతుంది. వినడానికి తొమ్మిది గంటలు. దిగడానికి ఒక గంట తీసివేయండి. నాలుగున్నరకల్లా అందరూ ఎక్కాలన్నారు గనుక, ముందుజాగ్రత్తకు మరొక గంటన్నర తీసివేయండి. చేతికి మిగిలేది ఆరున్నర గంటలు. ఒడ్డును ఎంచుకోవడమంటే ఈ ఆరున్నర గంటలను ఖర్చుపెట్టడమే.

తమ్ముడికి పిటన్ శిఖరాల మీద మోజు. దీవికి నైరుతిన సముద్రంలోంచి నిటారుగా లేచిన ఆ జంట కొండలు 2004లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకెక్కాయి. వాటి నడుమ ఒడ్డు ఎంతో అందంగా ఉంటుందట. కాని కొండదారిన మలుపులు తిరుగుతూ పోవడానికి గంటకు పైన, రావడానికి అంత. పడవలో పోతే ఆ వేళంతా సముద్రం మీదనే. అది కొట్టివేశాము.

మా మేనల్లుడికి పదేళ్ళు. వాడికి ఉత్తరాన రాడ్నీ బే దగ్గరున్న రెడుయి ఒడ్డు కావాలి. పొడవైన ఇసుకతిన్నె, నీటిమీద గాలి ఊదిన రబ్బరు కోటలు, జారుడుబల్లలు. దానితోపాటు మోటారు పడవల రొద, అడుగడుక్కీ ఏదో ఒకటి అమ్మవచ్చే మనుషులు. అదీ వాయిదా పడింది.

మా మరదలు పెద్ద హోటలుకు పోదామన్నది. ఓడల మీద వచ్చేవారికి అటువంటి హోటళ్ళు ఒక పూటకు టిక్కెట్టు అమ్ముతాయి. పడక కుర్చీ, గొడుగు, భోజనం, ఈతకొలను, శుభ్రమైన మరుగుదొడ్డి, అన్నీ అందులో కలిసే ఉంటాయి. ముసలివారూ పిల్లలూ ఉన్న సంసారానికి ఇది తీసిపారేయవలసిన మాట కాదు. కాని ఒక సంగతి తెలుసుకోవాలి. సెంట్ లూషియాలో ఏ ఒడ్డయినా ప్రజలదే. హోటలువారు అమ్మేది నీడనూ కుర్చీనీ, సముద్రాన్ని కాదు. నిశ్శబ్దాన్ని అంతకన్నా కాదు. ఈతకొలను పక్కనే పొద్దున్నించీ పాటలు మోగే చోటు కొన్ని ఉంటాయి. కాబట్టి టిక్కెట్టు కొనేముందు, పాటలు ఎన్ని గంటలకు మొదలవుతాయి, పూటకు ఎంతమందిని రానిస్తారు అని అడగాలి. మరదలు అడిగింది. వచ్చిన జవాబు విని తనే వద్దన్నది.

ఇక నా కోరిక. నోబెల్ బహుమానం 1992లో పొందిన కవి డెరెక్ వాల్కాట్ ఈ కాస్ట్రీస్‌లోనే పుట్టాడు. ఆయన బహుమాన సభలో చేసిన ఉపన్యాసాన్ని ట్రినిడాడ్ దీవిలోని ఒక పల్లెలో భారత సంతతివారు ఆడుకునే రామలీలతో మొదలుపెట్టాడు. తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని గదా, ఊరి నడుమ ఆయన పేరిట ఉన్న తోటలో పది నిముషాలు కూర్చోవాలని ఉండెను. దానినీ వదులుకున్నాను.

గాలి ఎటు వీస్తుంది?

అందరి కోరికలూ తీసివేయగా మిగిలింది అమ్మ ప్రశ్న. దానికి జవాబు హోటలు పుస్తకంలో కాదు, భూగోళశాస్త్రంలో దొరికింది.

ఈ దీవుల మీద వ్యాపార పవనాలు ఏడాది పొడుగునా తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తాయి. అందుచేత తూర్పు ఒడ్డు అట్లాంటిక్ మహాసముద్రం దెబ్బ తింటుంది. అక్కడ పెద్ద అలలు. పడమటి ఒడ్డుకు దీవి కొండలే అడ్డుగోడ. అక్కడ నీరు చెరువులా ఉంటుంది. 2011 నుంచి ఈ ప్రాంతాలకు కొట్టుకువచ్చి కుళ్ళి కంపుకొడుతున్న సర్గాసం అనే సముద్రపు నాచు కూడా ఎక్కువగా తూర్పు ఒడ్డునే చేరుతుంది. ఆటుపోట్ల తేడా కూడా ఇక్కడ చాలా స్వల్పం, రమారమి ఒక అడుగు. జూన్ నుంచి నవంబరు వరకు తుపానుల కాలం. జనవరి దానికి దూరం. పడమటి ఒడ్డు అయితే మటుకు చాలదు. ఇవి అగ్నిపర్వతాల దీవులు గనుక కొన్ని చోట్ల నాలుగు అడుగులు వేస్తే నిలువులోతు. నీరు ఎంత దూరం మోకాలిలోతు ఉంటుందో కూడా కనుక్కోవాలి.

ఇంత లెక్క కట్టి నేను తేల్చిన చోటు పీజన్ ఐలండ్, అంటే పావురాల దీవి. ఒకప్పుడు నిజంగా దీవే. 1972లో కట్ట పోసి ప్రధాన భూభాగానికి కలిపారు. ఇప్పుడది జాతీయ ట్రస్టు నిర్వహణలో ఉన్న తోట. ప్రవేశానికి చిన్న రుసుము. చెట్లనీడ, బల్లలు, ఒక ఫలహారశాల, రెండు చిన్న ఒడ్లు. జనం ఎక్కువమంది పెద్ద ఒడ్లకే పోతారు గనుక ఇక్కడ పలచన. రేవు నుంచి మోటారులో అరగంట.

డాలరంటే ఏ డాలరు? గంటంటే ఏ గంట?

రేవు బయట టాక్సీవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. మాకు దొరికినాయన యాభై అయిదేళ్ళ పెద్దమనిషి. తమ్ముడు బేరమాడి బండి ఎక్కబోతుంటే ఆయనే ఆపి, "ఏ డాలర్లు?" అన్నాడు. ఈ దేశపు నాణెం కూడా డాలరే. 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు వీరివి రెండు డాలర్ల డెబ్బై సెంట్లు. ఏదో తేల్చుకోకుండా ఎక్కితే దిగేటప్పుడు జగడమే.

"ఎన్ని గంటలకు వచ్చి తీసుకుపోను?" అన్నాడు. "రెండున్నరకు" అన్నాము. "ఓడ గడియారంలోనా, నా గడియారంలోనా?" అన్నాడు. మేము తెల్లబోయాము. మా ఓడ ఫ్లారిడా కాలమే పాటిస్తున్నది. ఈ దీవి దానికంటె ఒక గంట ముందున్నది. ఆయన అడగకపోతే గంట ముందు వచ్చి, మేము కనపడక వెళ్ళిపోయేవాడు. ఓడవారు ఏర్పాటు చేసిన విహారంలో వెళితే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళితే ఎవరికోసమూ ఆగదు. అందుకని తిరుగు ప్రయాణపు కిరాయి తిరిగి వచ్చాకనే ఇస్తామన్నాము. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

దారిలో కొబ్బరిబోండాల కోసం బండి ఆపినప్పుడు అమ్మ నన్ను గోకింది. "ఈయన్ను అడుగు, ఇక్కడ గాలివానలు రావా?" అన్నది. అడిగాను. ఆయన చేతిలో బోండాం అలాగే పట్టుకుని, 1980 ఆగస్టులో అలెన్ అనే తుపాను వచ్చినప్పుడు తనకు పన్నెండేళ్ళనీ, రాత్రికి రాత్రి ఇంటికప్పు ఎగిరిపోయిందనీ, తెల్లవారి చూస్తే అరటితోటలన్నీ నేలమట్టమనీ, వాళ్ళమ్మ తన బిడ్డలందరినీ ఒక మంచం కింద పెట్టి పైన తాను పడుకున్నదనీ చెప్పాడు. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ ఆయన మొహంకేసే చూస్తూ విన్నది.

"అయితే వీళ్ళూ చూసినవాళ్ళేనే" అన్నది. ఆ తరువాత మరేమీ అడగలేదు.

మమ్మల్ని దింపుతూ ఆయన మరొక హెచ్చరిక చేశాడు. ఈ ద్వీపాల ఒడ్లమీద మాన్‌చినీల్ అనే చెట్టు ఉంటుంది. చిన్న పచ్చి ఆపిలు వంటి కాయలు, తియ్యని వాసన. అంతా విషం. కాయ కొరికితే నోరూ గొంతూ పొక్కిపోతాయి. వానలో ఆ చెట్టు కింద నిలబడితే కారే చుక్కలకు ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. కొన్ని చోట్ల గుర్తుకు మొదలు చుట్టూ ఎర్రరంగు పూస్తారు. పిల్లలను తీసుకుపోయేవారు ఇది మరువరాదు.

ఆ ఒడ్డు

ఒడ్డు నేననుకున్నదానికంటె చిన్నది. మాకు ముందే వచ్చినవారు పదిమందికి మించి లేరు. అల అనదగినది లేదు. నీరు ఇసుకను తాకి వెనక్కు పోతున్నది, అంతే. అమ్మను చెట్టునీడన బల్లమీద కూర్చోబెట్టి, రమ్మని ఎవరమూ అనలేదు. దారిలో అలా అనుకున్నాము.

మేనల్లుడి మొహం ఇంకా ముడుచుకునే ఉన్నది. వాడిని తీసుకుని నేను కోట ఎక్కాను. పదహారో శతాబ్దంలో ఫ్రాన్స్వా లెక్లెర్ అనే చెక్కకాలు సముద్రపు దొంగ ఈ దీవిలో మాటువేసి స్పెయిన్ ఓడలను దోచేవాడని చెప్పేసరికి వాడికి రబ్బరు కోటలు మరపుకు వచ్చాయి. పైన ఇంగ్లీషు సేనాని రాడ్నీ కట్టించిన కోట ఉన్నది. ఉత్తరాన ఫ్రెంచివారి మార్తినీక్ దీవి మసకగా కనిపించింది. అక్కడి ఫ్రెంచి ఓడలమీద ఇక్కడినుంచే నిఘా వేసి, 1782 ఏప్రిల్‌లో రాడ్నీ వాటిని వెంటాడి ఓడించాడు. ఒకనాడు ఫిరంగులు గురిపెట్టిన చోట ఇప్పుడు ఉన్న సద్దల్లా గాలి సద్దే.

కిందికి చూసి మేనల్లుడు, "అత్తా, నాయనమ్మ!" అన్నాడు.

అమ్మ నీళ్ళలో నిలబడి ఉన్నది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోకాలిలోతున, ఒక్కతే. తమ్ముడు ఒడ్డున నాలుగు గజాల దూరంలో కదలకుండా నిలబడ్డాడు. మేము దిగివచ్చేసరికి ఆమె వంగి దోసిట నీళ్ళు తీసుకుని, మా పెద్దమ్మ పేరు పలికి వదిలింది. అలా మూడుసార్లు. నలభై అయిదేళ్ళలో ఆ పేరు ఆమె నోట నేను వినడం అదే మొదలు.

తరువాత మాకేసి తిరిగి, "నీళ్ళు వెచ్చగా ఉన్నాయే. పిల్లవాణ్ణి రానీ, అంత దూరాన నిలబెట్టారెందుకు?" అన్నది.

టాక్సీ ఆయన చెప్పిన వేళకు చెప్పినట్లు వచ్చాడు. ఓడలో ఎక్కినాక అమ్మ గదికి పోలేదు. "పైకి పోదాం, ఆ కొండ కనిపిస్తుందేమో" అన్నది. పొద్దుగుంకే వేళకు ఓడ రేవు వదిలింది. కమ్మీ పట్టుకుని, దీవి దీపాలు కనుమరుగయ్యేదాకా ఆమె అక్కడే ఉన్నది.

ఇటువంటి ప్రయాణం చేయబోయేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. అక్కడ ఏమేమి ఉన్నవని పుస్తకాన్ని అడిగేముందు, మీతో వచ్చేవారిలో అందరికంటె తక్కువ మాట్లాడేవారిని, మీకేమి కావాలని అడగండి. ఒడ్డు దానంతటదే తేలుతుంది.