మిరప కూలి నుండి మిరప అమ్మకమునకు

పల్నాటి పల్లెలలో మిరపకాయలు కోయుటకు, తొడిమలు తీయుటకు, తాలుకాయలు ఏరుటకు పోవువారికి దక్కునది స్వల్పమైన కూలియే. అయినను కాయ రంగును, ఆరుదలను చూచినంతనే గుర్తించు నేర్పు వారికి కలదు. అమ్మకమునకు అదియే మొదటి పెట్టుబడి అని మా అభిప్రాయము.

తక్కినవి నేర్చుకొనవలెను: గుంటూరు యార్డు ధరలు తెలిసికొనుట, తూకము, లెక్కలు, అరువిచ్చుటలో జాగ్రత్త, మాట నిలుపుకొనుట. ధర పడిపోయినచో నష్టము అమ్మువారిదే; కావున ఈ వృత్తి కూలిపని కన్న కఠినమైనది.

ఆ భారము ఒక్కరిపై పడనక్కరలేదు. కంపెనీల చట్టము ననుసరించి పంటకు సంబంధించిన పనులు చేయువారు 10 మంది చేరి ఉత్పత్తిదారుల కంపెనీ స్థాపించుకొనవచ్చును. సభ్యుని బాధ్యత అతని వాటాకే పరిమితము.

పంచాయతీ సభ్యులకు మా మనవి ఒక్కటే: సాయంకాలములందు పంచాయతీ భవనములో వీరికి లెక్కలు నేర్పించుడు.