తిరుపతికి ముందరి ఊరు

తిరుపతి బస్టాండులో షేరాటో ఎక్కితే తిరుచానూరుకు ఐదు కిలోమీటర్లు. ఒక ఊరు అయిపోయి మరో ఊరు మొదలైన చోటు మాత్రం కంటికి ఆనదు. శిల్పారామం దాటినా, బైపాస్ దాటినా ఇళ్లూ లాడ్జీలూ కల్యాణ మండపాలూ ఒకదాన్నొకటి ఆనుకునే వస్తాయి. కొత్తవాళ్లు దీన్ని తిరుపతి శివారు కాలనీ అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ వయసు లెక్కన చూస్తే తిరుచానూరు పక్కన పుట్టిన ఊరే తిరుపతి.

రామానుజులవారు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, గుడి చుట్టూ అగ్రహారం ఏర్పరిచింది 1130లో అని సంప్రదాయం. ఇప్పటి తిరుపతి పట్నానికి పునాది అదే. తిరుచానూరులో దొరికిన శాసనాలు అంతకు మూడు వందల ఏళ్ల కిందటే మొదలవుతాయి. పల్లవరాజు దంతివర్మ ఏలుబడిలో, తొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో, చోళనాడుకు చెందిన భక్తుడొకడు ఇక్కడి గుడి తిరువిలంకోయిల్‌లో అఖండ దీపం పెట్టించాడు. అప్పట్లో తిరుమల కొండదారి దట్టమైన అడవి. రోజూ ఎక్కి దిగడం, కొండమీద ఉత్సవాలు జరపడం ఎవరి తరమూ కాదు. అందుకే కింద మైదానంలో స్వామికి ప్రతిరూపంగా ఈ గుడి కట్టుకుని పూజలూ పండుగలూ ఇక్కడే నడిపారని చరిత్రకారులు చెబుతారు. కొండమీద దేవుడు, కింద ఆయన వ్యవహారమంతా చూసుకునే ఊరు. ఆ ఊరు తిరుచానూరు.

పల్లవ వంశపు ఆడపడుచు సామవై తిరుమలకు సమర్పించిన వెండి విగ్రహం, ఇవాళ మనం భోగ శ్రీనివాసుడని కొలిచే మూర్తి. ఆ కానుక కాలం 966 ప్రాంతమని చరిత్రకారుల లెక్క. విగ్రహంతో పాటు నగలిచ్చింది, నైవేద్యాలకూ దీపానికీ ఉత్సవాలకూ పొలాలు రాసిచ్చింది. ఆ భూముల శాసనంలో తిరుచానూరు సభ పేరుంది. సభ అంటే ఊరి పెద్దలు కూర్చుని పొలాలు, సొమ్ము, ధర్మకార్యాలు చూసే సంఘం. నన్నయ భారతం మొదలుపెట్టకముందే ఈ ఊళ్లో లెక్కాపత్రం తెలిసిన ఊరిపాలన ఉందన్నమాట.

అలాంటి సభల మీద అజమాయిషీ కూడా గట్టిగానే ఉండేది. రాజేంద్ర చోళుని కాలపు శాసనమొకటి చెప్పే సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. తిరుముండియం అనే గ్రామ సభ తిరుమల గుడిలో ఇరవై నాలుగు దీపాలు వెలిగిస్తామని బంగారం పుచ్చుకుని, రెండే వెలిగిస్తోంది. చోళ అధికారి వచ్చి విచారించాడు, తప్పు తేల్చాడు, ఆ సొమ్ము నేరుగా గుడికే చేరేలా ఏర్పాటు చేశాడు. అంతా రాతి మీద చెక్కించారు. వెయ్యేళ్ల తర్వాత కూడా ఎవరైనా చదువుకోవచ్చు. ప్రజల సొమ్ముకు లెక్క చెప్పడం ఈ ప్రాంతానికి కొత్తగా ఎవరో నేర్పాల్సిన విద్య కాదు.

తిరుచానూరును ఆనుకునే జోగిమల్లవరం ఉంది. అక్కడ పరాశరేశ్వరస్వామి గుడి, చోళుల నాటిది. గోడల నిండా అరవ శాసనాలు. తిరుచానూరు పద్మావతి అమ్మవారి గుడి దగ్గర నిలబడ్డ వేలమందిలో అక్కడికి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. వెళ్లి చూడమని నేను అడిగినవాళ్లకల్లా చెబుతాను.

ఇక అమ్మవారు. పద్మసరోవరంలో కార్తీక శుద్ధ పంచమినాడు బంగారు తామరలో ఆవిర్భవించిన తల్లి పద్మావతి, అలమేలుమంగ. అమ్మవారి గుడి ప్రాంగణంలోని కృష్ణస్వామి గుడి 1221 నాటికే ఉంది. సుందరరాజస్వామి గుడి పదహారో శతాబ్దిది. కొండకు పోయేవాళ్లు ముందు అమ్మను చూసి పోవాలనేది మన ఇళ్లలో పెద్దలు చెప్పే ఆనవాయితీ. శుక్రవారం వస్తే అభిషేకం, అమ్మవారు శుక్రవారపు తోటకు వేంచేయడం. కార్తీక బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు. చివరినాడు పంచమీతీర్థం. ఆరోజు తిరుమల నుంచి స్వామివారి పసుపు, కుంకుమ, పట్టుచీర, ప్రసాదాలు సారెగా ఊరేగింపుతో కొండ దిగి, తిరుపతి వీధులన్నీ దాటి, ఏనుగు మీద తిరుచానూరుకు వస్తాయి. చక్రస్నానం వేళకు పుష్కరిణి చుట్టూ లక్షల మంది. ఆ పుణ్యఘడియల ఫలం రోజంతా ఉంటుంది, తొందరపడకండని దేవస్థానం ముందే ప్రకటిస్తుంది. అయినా తెల్లవారకముందే గట్లు నిండిపోతాయి.

ఇంత జనం వచ్చిపోయే ఊరు కాగితాల్లో ఏమిటి? తిరుపతి మున్సిపాలిటీ 1886లో ఏర్పడింది. 1981లో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చింది, తిరుచానూరు దాని పరిధిలోకి చేరింది. 2007లో తిరుపతి కార్పొరేషన్ అయింది. అప్పుడు కూడా తిరుచానూరు గ్రామ పంచాయతీగానే మిగిలింది. జనగణన శాఖ మాత్రం దీన్ని పట్టణాల జాబితాలో వేసింది. లెక్కలవాళ్లకు పట్నం, పాలకులకు పల్లె. పంచాయతీకి నిధులొచ్చేది ప్రధానంగా కాపురమున్న జనాభాను బట్టి. ఒక్క పూట ఉండి, స్నానం చేసి, తిని, చెత్త వదిలి బండెక్కే యాత్రికుడు ఆ లెక్కలోకి రాడు. మురుగు కాలువకు, నీళ్ల ట్యాంకుకు మాత్రం అతను లెక్కే.

చుట్టుపక్కల పంచాయతీలన్నీ కలిపి గ్రేటర్ తిరుపతి చేయాలన్న ప్రతిపాదన ఉంది. విలీనమే ఏకైక దారి అని నేననుకోను. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ 1901 ప్రాంతంలో చుట్టూ ఉన్న ఊళ్లను తనలో కలుపుకుంది. పక్కనే ఉన్న ఫ్రెడెరిక్స్‌బర్గ్ మాత్రం కలవలేదు. ఇప్పుడు దాని చుట్టూ నాలుగు వైపులా రాజధానే. ఉన్నది తొమ్మిది చదరపు కిలోమీటర్ల లోపు. అయినా లక్షమందికి పైగా జనంతో, సొంత కౌన్సిల్‌తో, సొంత పన్నులతో, సొంత బడులతో తనది తాను చూసుకుంటోంది. పెద్ద నగరానికి ఆనుకుని ఉన్నంత మాత్రాన నోరు మూసుకోవలసిన పని లేదని ఆ చిన్న పట్నం వందేళ్లకు పైగా చూపిస్తోంది.

తిరుచానూరు కార్పొరేషన్‌లో కలిసినా సరే, విడిగా పురపాలక సంఘమైనా సరే, నిర్ణయం గ్రామసభలో జరగాలి. కలిపితే పుష్కరిణి వీధులకూ జోగిమల్లవరానికీ కలిపి ఒక వార్డు ఆఫీసు తెరిచి చేతులు దులుపుకోకూడదు. పంచమీతీర్థం నాటి రద్దీకి సరిపడే పారిశుధ్య సిబ్బంది, కాలువలు, మరుగుదొడ్లు ఏడాది పొడవునా ఈ ఊరి పేరునే ఉండాలి. విడిగా ఉంచితే వచ్చిపోయే యాత్రికులను కూడా జనాభాలో లెక్కవేసి నిధులివ్వాలి. రెండింటిలో ఏది జరిగినా ముందు జరగాల్సిన పని ఒకటుంది: ఊరి ఆదాయమెంత, యాత్రికుల మీద పెట్టే ఖర్చెంత అన్నది లెక్కగట్టి పంచాయతీ ఆఫీసు గోడ మీద అందరూ చదివేలా రాయించాలి.