పెరటి మెట్ల కింద జాలీ వేసే ముందు



మన పుత్తూరు చుట్టుపక్కల చాలా ఇళ్లలో పెరటివైపు ఒక చీకటి జాగా ఉంటుంది. మిద్దెపైకి వెళ్లే మెట్ల కిందో, నీళ్ల ట్యాంకు దిమ్మె కిందో, బట్టలుతికే బండ కిందో ఉండే ఖాళీ అది. కట్టెల మోపు, గోనె సంచులు, మిగిలిన ఇటుకలు, పాత సైకిలు అన్నీ అక్కడికే చేరతాయి. చూడటానికి బాగుండదని కొందరు దానికి చెక్క జాలీనో, సిమెంటు జాలీనో అడ్డం పెట్టిస్తారు. ఆలోచన మంచిదే. అయితే జాలీ పెట్టేశాం గదా, ఇక భయం లేదనుకునే వాళ్లకు మేము ఒక మాట చెప్పాలి. పెద్ద కంతల జాలీ కుక్కను, కోడిని ఆపుతుంది. ఎలుకను, పామును ఆపదు. పైగా లోపల ఏముందో మనకు కనబడకుండా చేస్తుంది.

ఎలుక వెంట పాము

సంచుల్లోంచి రాలిన చెనక్కాయలకు, వడ్లకు, కోళ్ల మేతకు ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. ఎలుకల వల్ల ఎలుక జ్వరం, వాటిపై ఉండే చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా రావచ్చు. కట్టెల కింద, ఇటుకల సందుల్లో తేళ్లు చేరతాయి. ఎర్రతేలు కాటు చిన్నపిల్లలకు ప్రాణాంతకం కూడా కావచ్చు.

మన ప్రాంతంలో ముఖ్యంగా భయపడవలసిన పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. వీటిలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్లను కాటేస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకొని సోడా తాగిస్తారు. విలువైన గంటలు అలా పోతాయి.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఒక జాతీయ ప్రణాళిక ప్రకటించింది. మనవంతు పని మన పెరట్లోనే మొదలుపెట్టవచ్చు.

ఏ జాలీ మంచిది?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లివచ్చిన పెద్దలు అక్కడి ఇళ్ల వెనుక చెక్కతో కట్టిన ఎత్తైన అరుగులు చూసే ఉంటారు. వాటి కింద ఖాళీలో జంతువులు కాపురం పెట్టకుండా చుట్టూ చెక్క జాలీ బిగిస్తారు. కానీ జాగ్రత్తగా చేసేవాళ్లు ఆ చెక్క జాలీ వెనుక సన్న కంతల ఇనుప జాలీ కూడా వేసి, దాని అంచును మట్టిలోకి దించుతారు. పైది అందానికి, లోపలిది కాపలాకు. మన మెట్ల కింద కూడా ఇదే పద్ధతి పాటించాలి.

పని ఇలా చేయండి:

1. ముందు ఖాళీ చేయండి. పగటిపూట, బూట్లు వేసుకొని, పొడవాటి కర్రతో సామాను కదిలించి తీయండి. చేయి లోపలికి పెట్టకండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. పాము కనిపిస్తే చంపడానికి ప్రయత్నించకుండా దూరంగా జరిగి, పాములు పట్టేవారిని పిలిపించండి.

2. ఎలుక బొరియలను రాళ్లతో, సిమెంటుతో పూడ్చండి.

3. అంగుళంలో పావు వంతు, అంటే 6 మిల్లీమీటర్ల కంతలున్న ఇనుప జాలీ తీసుకోండి. కొట్లో ఒక పెన్సిలు గుచ్చి చూడండి. దూరిందంటే ఆ జాలీ వద్దు. కోళ్లగూటికి వాడే జాలీ కంతలు దీనికి చాలా పెద్దవి. నైలాను వల వాడకండి, పాము అందులో చిక్కుకొని మనకే ప్రమాదం.

4. జాలీ అడుగు అంచును అరడుగు లోతున పూడ్చండి. గోడకు ఆనే చోట సందు లేకుండా బిగించండి.

5. చివరి పక్క వెంటనే మూయకండి. సాయంత్రం అక్కడ రాతి ముగ్గుపిండి పలచగా చల్లండి. బియ్యప్పిండి అయితే ఎలుకలకు మేత అవుతుంది. పొద్దున్నే అడుగుల గుర్తులు, పాకిన గీతలు ఉన్నాయేమో చూడండి. వరుసగా మూడు రాత్రులు ఏ జాడా లేకపోతేనే మూయండి. లేదంటే పామును లోపల పెట్టి తలుపు వేసినట్టవుతుంది.

6. ఒక పక్క చిన్న తలుపు పెట్టించి నెలకొకసారి తెరిచి చూడండి. వాననీళ్లు పోయే దారి వదిలి, దానికీ జాలీ బిగించండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు గదా. ఈ జాలీ దోమలను ఆపదు కాబట్టి నీళ్లు నిలిచే డబ్బాలు, టైర్లు, టెంకాయ చిప్పలు లోపల ఉంచకండి.

ఒకవేళ కాటు వేస్తే

ఎంత జాగ్రత్త పడినా పాము రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. రాత్రి పెరట్లోకి వెళ్లేటప్పుడు టార్చిలైటు, చెప్పులు మరవకండి. వీలైతే మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి.

ఎముక విరిగితే కట్టు కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం మన పుత్తూరుకు వస్తారు. పాము కాటుకు మాత్రం తాడుతో గానీ గుడ్డతో గానీ బిగించి కట్టకండి. రక్తం ఆగి కాలో చేయో దెబ్బతింటుంది. కోయకండి, నోటితో పీల్చకండి, పసర్లు పూయకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. విరిగిన కాలికి చేసినట్టే ఒక బద్ద ఆనించి, వదులుగా చుట్టి, కదలకుండా ఉంచండి. నడిపించకుండా 108 పిలిచి వెంటనే ఆసుపత్రికి చేర్చండి. పామును పట్టి తేనక్కర్లేదు. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషానికీ కలిపి చేసినదే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానిని ఉచితంగా ఇస్తారు. లక్షణాలు కనబడేదాకా ఇంట్లో ఆగవద్దు.

ఈ ఆదివారం ఒక గంట వీలు చేసుకొని, టార్చిలైటు వేసి మీ మెట్ల కింద ఏముందో చూడండి. జాలీ కొనడం ఆ తరువాతి పని.