పశువైద్య కళాశాల గుమ్మంలో

నవంబరు మాసం చివర, కెల్లీవిల్ వీధుల్లో జకరండా చెట్ల ఊదాపూలు కాలిబాటల మీద పరచుకునే రోజుల్లో, మా ఇంట్లో ఒక విధమైన నిశ్శబ్దం నెలకొంటుంది. మా అమ్మాయి ఉదయం లేవగానే ముందుగా ఫోను చూస్తుంది. చూసి, ఏమీ అనకుండా దానిని బల్లమీద బోర్లా పెడుతుంది. ఆ పెట్టడంలోనే మాకు సంగతి బోధపడుతుంది: ఈరోజు కూడా ఉత్తరం రాలేదు. ఆమె ఎదురుచూస్తున్నది పశువైద్య కళాశాల ప్రవేశ నిర్ణయం కోసం. ఈ నిరీక్షణ మాకు వరుసగా ఇది రెండవ సంవత్సరం.

గత సంవత్సరం వచ్చిన జవాబు తిరస్కారం. దాని తరువాత జరిగిన ఒక చిన్న సంఘటన ఈ వ్యాసానికి కారణం. ఉగాది విందులో ఒక మిత్రురాలు, "మీ అమ్మాయి ఇప్పుడేం చేస్తోందండీ?" అని అడిగారు. "ఏదో పరిశోధన వైపు ఆలోచిస్తోందండీ" అన్నాను. అది నిజం కాదు. పక్కనే పులిహోర వడ్డించుకుంటున్న మా అమ్మాయి విన్నది. ఇంటికి తిరిగివస్తూ కారులో అడిగింది: "అమ్మా, నాకు సీటు రాలేదని చెప్పడానికి నీకు సిగ్గుగా ఉందా? లేక నేను కోరుకున్నది పశువైద్యమని చెప్పడానికా?"

నాకు సమాధానం దొరకలేదు. రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసి, ఇరవై ఏళ్ళుగా ప్రయోగశాలలో పనిచేస్తున్న నేను ఆ రెండు ప్రశ్నలకూ నిజాయితీగా జవాబు వెదకవలసి వచ్చింది. ఆ వెదుకులాటలో తెలుసుకున్నదే ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

ప్రవేశం ఎట్లా జరుగుతుంది?

మన తరానికి పరీక్ష అంటే ఎంసెట్. ఒక రోజు, ఒక ప్రశ్నపత్రం, ఒక ర్యాంకు. 1997లో నేనూ వ్రాశాను. వైద్యవిద్యలో స్థానం రాలేదు. దినపత్రికలో సంఖ్యల వరుసలు వెదకి, నా సంఖ్య ఎక్కడ ఉన్నదో చూసుకున్న క్షణంలోనే నిరీక్షణ ముగిసిపోయింది. నాన్నగారు మారుమాట లేకుండా నన్ను బి.ఎస్సీ.లో చేర్పించారు.

ఇక్కడి పద్ధతి వేరు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో 1910లో ఆరంభమైన పశువైద్య విభాగం ఆస్ట్రేలియాలో ఈ విద్యకు పేరెన్నికగన్నది. అక్కడ హైస్కూలు పూర్తికాగానే ఆరేళ్ళ జంట పట్టాలో చేరవచ్చును. లేదా మరొక పట్టా పుచ్చుకొని, ఆపైన నాలుగేళ్ళ డాక్టర్ ఆఫ్ వెటరినరీ మెడిసిన్‌కు దరఖాస్తు చేయవచ్చును. మా అమ్మాయిది రెండవ మార్గం. ఈ మార్గంలో వచ్చేవారు సాధారణ రసాయన శాస్త్రం, కర్బన రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, జీవరసాయన శాస్త్రం చదివి ఉండాలి. మార్కుల సగటుతో పాటు, ఒక చిక్కు పరిస్థితిని వర్ణించి "ఇట్టి సమయంలో మీరేమి చేస్తారు?" అని అడిగే పరీక్ష కూడా ఉంటుంది. జంతువు యజమాని కన్నీరు పెట్టుకున్నప్పుడు, తోటి ఉద్యోగి పొరపాటు చేసినప్పుడు, అభ్యర్థి వివేకం ఎంతటిదో పరీక్షించడం దాని ఉద్దేశం.

వాగ్గా వాగ్గాలోని చార్ల్స్ స్టర్ట్ విశ్వవిద్యాలయం అభ్యర్థులను ముఖాముఖి పిలిచి మాట్లాడుతుంది. గ్రామీణ ప్రాంతాల్లో సేవ చేయగలవారి కోసం చూస్తుంది. టౌన్స్‌విల్‌లోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం అభ్యర్థి స్వయంగా వ్రాసిన వివరణను కోరుతుంది. న్యూజీలాండులోని మాస్సీ విశ్వవిద్యాలయంలో మొదటి అర్ధసంవత్సరం అందరితో పాటు చదివి, ఆ ఫలితాలపై ఎంపికైనవారే ముందుకు సాగుతారు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు కళాశాల గాటన్‌లోనూ, దక్షిణ ఆస్ట్రేలియా కళాశాల రోజ్‌వర్తీలోనూ ఉన్నాయి. నిబంధనలు ఏటేటా మారుతూ ఉంటాయి కనుక, దరఖాస్తుకు ముందు ఆయా విశ్వవిద్యాలయాల ప్రకటనలు స్వయంగా చదువుకోవడం అవసరం.

తల్లిదండ్రులు గమనించవలసిన మరొక విషయం ఉన్నది. స్థానం లభించినా అది ప్రభుత్వ సహాయం గల స్థానమా, పూర్తి రుసుము చెల్లించవలసిన స్థానమా అన్నది వేరే ప్రశ్న. వైద్య, దంతవైద్య, పశువైద్య విద్యలకు ప్రభుత్వ విద్యాఋణ పరిమితి ఇతర చదువులకన్నా అధికమే గాని, ఋణం ఋణమే. కుటుంబమంతా కూర్చుని ఈ లెక్క ముందే వేసుకుంటే, ఉత్తరం వచ్చిన రోజున సంతోషానికీ సందేహానికీ మధ్య నలగవలసిన అవసరం ఉండదు.

స్వదేశంలో పశువైద్య పట్టా పొంది ఇక్కడికి రాదలచిన బంధువులున్నవారికి కూడా ఒక మాట. తిరుపతిలో 1955లో ఏర్పడిన కళాశాల ఎందరో సమర్థులైన పశువైద్యులను తయారుచేసింది. 2005లో అక్కడే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వెలసింది. అయినప్పటికీ, మన దేశపు పట్టా ఇక్కడ నేరుగా చెల్లదు. ఆస్ట్రలేషియన్ పశువైద్య పరీక్షలో వ్రాతపరీక్షా, జంతువుల ఎదుట చేసి చూపే పరీక్షా రెండూ నెగ్గితేనే నమోదుకు అర్హత లభిస్తుంది. వారిదీ ఒక నిరీక్షణే. తరచుగా మనకన్నా దీర్ఘమైనది.

ఒక మందు, ఒక పక్షి

ఇక మా అమ్మాయి రెండవ ప్రశ్న: పశువైద్యమని చెప్పుకోవడానికి సిగ్గా? ఈ ప్రశ్నకు నా శాస్త్రమే నాకు జవాబు చెప్పింది.

డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పేరు మనలో చాలామంది ఎరుగుదురు. రెండు బెంజీన్ వలయాలు, రెండు క్లోరిన్ పరమాణువులు, ఒక ఎసిటిక్ ఆమ్లపు కొమ్మ. రసాయన శాస్త్రజ్ఞుల కంటికి చూడముచ్చటైన అణువు. మోకాళ్ళ నొప్పులకు మనుషులు వాడే ఆ మందును భారతదేశంలో పశువులకు కూడా విరివిగా ఇచ్చారు. అదే కాలంలో, 1990వ దశకం నుండి, మన ఆకాశంలో రాబందులు కనుమరుగు కాసాగాయి. తెల్లవీపు రాబందుల సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయింది. ఏదో అంటురోగమని మొదట భావించారు.

చిక్కుముడి విప్పినవారు పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి పరీక్షించిన పరిశోధకులు. వారికి నాయకత్వం వహించిన లిండ్సే ఓక్స్ పశువైద్యుడు. ఆ పక్షుల కాలేయం, గుండె మొదలైన అవయవాలపై సున్నం చల్లినట్లు తెల్లని పొర కనిపించింది. అది యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు. మనం నత్రజని వ్యర్థాన్ని యూరియాగా విసర్జిస్తాము. పక్షులు యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తాయి. మూత్రపిండాలు పనిచేయడం మానితే ఆ ఆమ్లం శరీరంలోనే గడ్డకడుతుంది. డైక్లోఫెనాక్ తీసుకుని చనిపోయిన పశువుల కళేబరాలను తినడమే ఇందుకు కారణమని 2004లో ప్రకటించారు. 2006లో భారతదేశం పశువులకు ఆ మందును నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలాక్సికాం అనే మందు దానికి బదులుగా నిలిచింది.

ఈ కథలో మందును తయారుచేసినది మా శాస్త్రం. అది గేదె దేహం నుండి రాబందు దేహానికి ఎట్లా ప్రయాణించిందో చూపినది పశువైద్యం. ఒక జీవి శరీరధర్మం తెలిస్తే చాలదు. ఆవు, గుర్రం, కుక్క, కోడి, రాబందు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రసాయన వ్యవస్థ. అన్నిటినీ నేర్చుకోవలసిన విద్యను తక్కువగా చూడడం అజ్ఞానమే అవుతుంది.

అందులో ప్రమాదం కూడా లేకపోలేదు. 1994లో బ్రిస్బేన్ నగరపు హెండ్రా పేటలో గుర్రాలకు సోకి, వాటి శిక్షకుని ప్రాణం తీసిన వైరస్ హెండ్రా పేరుతోనే ప్రసిద్ధమయింది. గబ్బిలాల నుండి గుర్రాలకు, గుర్రాల నుండి మనుషులకు వచ్చిన ఆ వ్యాధి ఏడుగురికి సోకగా నలుగురు మరణించారు. ఆ నలుగురిలో ఇద్దరు గుర్రాలకు చికిత్స చేసిన పశువైద్యులు. గుర్రాలకు టీకా 2012లో గాని రాలేదు.

రెండు వందల యాభై ఏళ్ళు

ప్రపంచంలో మొదటి పశువైద్య కళాశాల 1761లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరంలో క్లాడ్ బూర్జెలా స్థాపించినది. ఆనాడు ఐరోపాలో పశుసంపదను మందలు మందలుగా తుడిచిపెడుతున్న రిండర్‌పెస్ట్ వ్యాధి ఆ స్థాపనకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ వ్యాధి భూమండలం నుండి పూర్తిగా తొలగిపోయిందని ప్రకటించినది 2011లో. మనుషుల మశూచి తరువాత నిర్మూలింపబడిన రెండవ వ్యాధి ఇదే. కళాశాల స్థాపించిన నాటి నుండి ఆ పని పూర్తికావడానికి రెండు వందల యాభై ఏళ్ళు పట్టింది.

ఈ సంగతి ఒంగోలు సమీపంలోని పల్లెలో ఉన్న మా నాన్నగారికి ఫోనులో చెప్పాను. ఆయన ఎనభై ఏళ్ళ రైతు. ఒకప్పుడు మా పాడిగేదె జబ్బుచేసి, పశువుల డాక్టరు కోసం రెండు రోజులు కబురు మీద కబురు పంపి, ఆయన వచ్చేసరికే దానిని పోగొట్టుకున్నాము. మనవరాలి దరఖాస్తు గురించి చెబితే కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "మనిషైతే ఎక్కడ నొప్పో చెబుతాడమ్మా. నోరులేని దాని నొప్పి కనిపెట్టేవాడే పెద్ద డాక్టరు. పిల్లను తొందర పెట్టకండి" అన్నారు. సిగ్గు పడవలసినది నేనేనని ఆనాడు నాకు స్పష్టమయింది.

పంచదార డబ్బా

మిగిలినది మొదటి ప్రశ్న: సీటు రాలేదని చెప్పడానికి సిగ్గా? ఇందుకు జవాబు వంటింట్లోనే ఉన్నది.

పంచదార గాలిలోని ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారడం శక్తి దృష్ట్యా అనుకూలమైన చర్య. సిద్ధాంతం ప్రకారం జరగవలసినదే. అయినా పంచదార డబ్బాలో ఏళ్ళ తరబడి పంచదారగానే ఉంటుంది. కారణం, చర్య మొదలు కావడానికి దాటవలసిన ఒక గట్టు ఉన్నది. దానినే ఉత్తేజన శక్తి అంటాము. అదే పంచదార మన దేహంలో ప్రవేశిస్తే, ఎంజైములనే ఉత్ప్రేరకాల సహాయంతో, మామూలు దేహ ఉష్ణోగ్రతలోనే ఆ మార్పు పొందుతుంది. కనుక మా శాస్త్రంలో "ఈ చర్య సాధ్యమా?" అన్నది ఒక ప్రశ్న, "ఎంత కాలం పడుతుంది?" అన్నది వేరొక ప్రశ్న. నిదానంగా జరిగేదానిని చూసి జరగదని వ్రాసే విద్యార్థికి నేను మార్కులు వేయను. నా కుమార్తె విషయంలో మాత్రం ఆ పొరపాటే చేశాను.

స్థానాలు పరిమితం, అర్హులు అధికం. గీతకు అటూ ఇటూ ఉన్నవారి మధ్య భేదం చాలా స్వల్పం. తిరస్కారపు ఉత్తరం ఆ సంవత్సరపు పోటీని గురించి చెబుతుంది; పిల్ల విలువను గురించి చెప్పదు. తిరస్కారం వచ్చిన మరుసటి వారమే మా అమ్మాయి హాక్స్‌బరీ వైపున్న ఒక పాడిక్షేత్రంలో తెల్లవారుజాము పనికి కుదిరింది. చలికాలంలో నాలుగు గంటలకే లేచి, దూడలకు పాలు పట్టి, బూట్ల నిండా బురదతో ఇంటికి వచ్చేది. ఒకనాడు కష్టమైన ఈతలో దూడను బయటికి లాగడంలో సహాయం చేసి, చేతులు వణుకుతూ, నవ్వుతూ వచ్చింది. ఆ ఏడాది వ్యర్థమైందని ఎవరు అనగలరు?

మన పిల్లలకు మనం ఉత్ప్రేరకాలం కావచ్చును. ఉత్ప్రేరకం చర్య గమ్యాన్ని మార్చదు. గట్టును కాస్త తగ్గిస్తుంది, అంతే. ఉదయం నాలుగు గంటలకు ఒక కప్పు కాఫీ, కర్బన రసాయనంలో ఒక సందేహ నివృత్తి, విందులో ఒక నిజమైన మాట: మా వంతు ఇంతే. న్యూజీలాండుకు కూడా ఈసారి దరఖాస్తు పంపింది. ఎక్కడా రాకపోతే ఏమి చేయాలో కూడా తానే ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకున్నది. ఆ కాగితం నేను అడగలేదు, తానే చూపింది.

ఈ వ్యాసం అచ్చుకు పంపే నాటికి ఉత్తరం రాలేదు. మొన్న దీపావళి విందులో అదే మిత్రురాలు మళ్ళీ అడిగారు. ఈసారి, "పశువైద్య కళాశాలలో ప్రవేశానికి దరఖాస్తు చేసిందండీ. కిందటేడు రాలేదు. ఈ ఏడు మళ్ళీ ఎదురుచూస్తున్నాము" అన్నాను. ఆమె నా చేయి పట్టుకొని, తమ అబ్బాయికి కూడా మరొక చదువులో రెండేళ్ళుగా రావడం లేదనీ, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదనీ అన్నారు. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాము. మా అమ్మాయి మాకు చెరొక గిన్నెలో పాయసం తెచ్చి ఇచ్చి, తానూ అక్కడే కూర్చున్నది.