మా మేనకోడలి జాబితా

తెలుగు లెక్చరరునని తెలిసిన ప్రతి ఇంటా నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటున్నది. "మా పిల్లలకు ఏం పుస్తకాలు కొనిపెట్టమంటారండీ?" అని. అడిగినప్పుడల్లా ఏడెనిమిది పేర్లు చెబుతాను. వారు తలలూపుతారు. కొందరు కాగితం మీద వ్రాసుకుంటారు కూడాను. ఆ కాగితాల గతి ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. ఒకవేళ పుస్తకాలు కొన్నా, పెద్దవాళ్ళు పెద్దవాళ్ళకు సిఫార్సు చేసిన పిల్లల పుస్తకం అద్దాల బీరువాలో కొండపల్లి బొమ్మల పక్కన అట్ట నలగకుండా నిలబడి ఉంటుంది.

ఈ వేసవిలో అటువంటిది కాని జాబితా ఒకటి నా కంటబడింది. పాత లెక్కల నోటుబుక్కు వెనక కాగితాలు రెండు చింపి, పెన్సిలుతో వ్రాసినది. వ్రాసింది మా అన్నయ్య కూతురు. దానికి పన్నెండేళ్ళు, హైదరాబాదులో ఏడో తరగతిలోకి వచ్చింది. వ్రాసింది ఎవరికంటే, మా తమ్ముడి కొడుక్కి. వాడికి తొమ్మిది.

ఇందులో కొంత ఇంటి సంగతి చెప్పక తప్పదు. మా తమ్ముడికి పుణే నుంచి గౌహతికి బదిలీ అయింది. అక్కడ ఇల్లూ వాకిలీ, బడీ కుదిరేదాకా పిల్లవాణ్ణి ఒక ఏడాది పాటు తెనాలిలో మా అమ్మ దగ్గర ఉంచారు. వాడు తెలుగు గలగలా మాట్లాడతాడు గాని చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. మా అమ్మ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. డెబ్బయి ఏళ్ళుగా చదువుతూ వచ్చిన మనిషి. రెండేళ్ళ కిందట కంట్లో నీటికాసులని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు పత్రికలో పెద్ద అక్షరాల శీర్షికలు కనిపిస్తాయి, కింది వరసలు కనిపించవు. అంచేత సాయంత్రాలు మనవడు చదవాలి, నానమ్మ వినాలి అని ఏర్పాటు. ఏర్పాటు చేసింది మేమెవ్వరమూ కాదు, మా మేనకోడలే. దానికి తెలుగు చదవడం నేర్పింది సెలవుల్లో ఆ నానమ్మే కనక, ఇంట్లో ఇంకెవరికీ తట్టని సంగతి దానికి తట్టింది. వాడికీ నచ్చాలి, ఆవిడకూ నచ్చాలి, వాడు తడుముకుంటూ చదివినా కథ చల్లారిపోకూడదు. ఇన్ని షరతులు పెట్టుకుని పుస్తకాలు ఏరడం మా విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాల వల్ల కూడా అయ్యే పని కాదు.

జాబితాలో మొదటిది "రైలుబడి". జపాను రచయిత్రి తెత్సుకో కురొయనగి 1981లో ప్రచురించిన "తొత్తోచాన్"కు తెలుగు ఇది. నిజానికి ఇది నవల కాదు, ఆవిడ చిన్ననాటి ముచ్చటే. ఆ మాట నేనంటే, "నవలలాగే చదువుకోవచ్చు లే అత్తా" అని కొట్టిపారేసింది. ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించివేయబడిన పిల్ల కథ. కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాయిద్యగాళ్ళను పిలవడం దాని నేరం. కొత్త బడిలో తరగతులు పాత రైలుపెట్టెల్లో జరుగుతాయి. అక్కడి హెడ్మాస్టరు సొసకు కొబయాషి మొదటి రోజున ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటల సేపు విన్నాడట. ఆ బడి 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. మా మేనకోడలు ఈ పేరు ఎదట వ్రాసిన మాట ఇది: "నువ్వు కూడా కొత్త బడికి వెళ్తున్నావు గదా. మొదటి వారంలో చదువు. చాప్టర్లు చిన్నవి. రోజుకొకటి అయిపోతుంది." వాడికి కొత్త బడంటే భయమని ఎక్కడా వ్రాయలేదు. పుస్తకం పేరు మాత్రం ముందు పెట్టింది.

తరవాతిది "టామ్ సాయర్", దాని వెనకనే "రాజూ-పేదా". రెండూ మార్క్ ట్వేనువే (మొదటిది 1876, రెండోది 1881). రెంటినీ తెలుగు చేసింది నండూరి రామమోహనరావు గారు. టామ్ గురించి దాని సలహా సూటిగా ఉన్నది. "దడికి సున్నం వేసే చోటు దాకా చదువు. అక్కడ నవ్వు రాకపోతే ఈ పుస్తకం నీకు పనికిరాదు, మూసెయ్యి." విమర్శకులు ఇంత ధైర్యంగా చెప్పగా నేను చూడలేదు. "రాజూ-పేదా"కి ఒకే వాక్యం: "ఇంగ్లండు రాజముద్రికతో ఏం చేశాడో నానమ్మకి ముందే చెప్పెయ్యకు." తెలియని పాఠకుల కోసం నేనూ చెప్పను. మా అమ్మకు ఈ కథ మరో దారిన తెలుసు. 1954లో వచ్చిన "రాజు పేద" సినిమాలో ఎన్.టి.రామారావు వేసిన పోలిగాడి వేషం ఆవిడ ఇప్పటికీ అభినయించి చూపిస్తుంది.

"కాంచనద్వీపం" దగ్గర నేను కొంచెం ఆగాను. ఇదీ నండూరి వారి అనువాదమే. మూలం స్టీవెన్‌సన్ "ట్రెజర్ ఐలండ్". ఈ పుస్తకం పుట్టిన తీరు మా ఇంటి ఏర్పాటుకు ఎంత దగ్గరగా ఉన్నదో మా చిన్నదానికి తెలియదు. 1881 వేసవిలో స్టీవెన్‌సన్ కుటుంబం స్కాట్లండులో బ్రేమర్ అనే ఊళ్ళో ఉన్నది. బయట తెరిపిలేని వాన. పదమూడేళ్ళ సవతికొడుకు లాయిడ్‌తో కాలక్షేపానికి బొమ్మలు వేస్తూ స్టీవెన్‌సన్ ఒక దీవి పటం గీశాడు. ఆ పటంలోంచి కథ పుట్టింది. వ్రాసిన అధ్యాయం వ్రాసినట్టు ఇంట్లో అందరికీ చదివి వినిపించేవాడు. ఆయన తండ్రి దీపస్తంభాలు కట్టే ఇంజనీరు, పెద్దమనిషి. ఆయన కూడా చిన్నపిల్లవాడిలా కూచుని విని, ముసలి నావికుడి పెట్టెలో ఏమేం సామాన్లుండాలో తానే జాబితా తయారు చేసి ఇచ్చాడు. తరవాత అది పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1883లో పుస్తకమైంది. అంటే పిల్లవాడూ, పెద్దాయనా ఒకే గదిలో కూచుని వినడానికే వ్రాసిన నవల అది. అందుకే కాబోలు, పైకి చదివితే దాని బలం రెట్టింపవుతుంది. జిమ్ ఆపిల్‌పళ్ళ పీపాలో నక్కి దొంగల మాటలు వినే ఘట్టం ఉన్నది చూశారూ, అక్కడ చదివేవాడు తడబడి ఒక మాట దగ్గర ఆగితే వినేవారి ప్రాణం ఇంకా బిగుసుకుంటుంది. నత్తగా చదవడం కూడా అక్కడ కథకు సాయమే.

నండూరి వారి (1927-2011) తెలుగును గురించి ఒక మాట. పరాయి ఊరి కథ చెబుతూ కూడా ఆయన మన చెవికి తెలిసిన వాక్యమే వాడారు. అనువాదమంటే నిఘంటువు పక్కన పెట్టుకుని చేసే గుమాస్తాపని అనుకునే మా విద్యార్థులకు ఈ పుస్తకాలలో పేజీ ఒకటి చదివి వినిపిస్తూ ఉంటాను. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం పుచ్చుకుని, డిగ్రీలో తెలుగుకు వచ్చే పిల్లలు చాలామంది. వారిలో కొందరు మా తమ్ముడి కొడుకు లాగానే కూడబలుక్కుంటారు. వారు పీపా ఘట్టం దగ్గర తలలెత్తి వినడం నేను చూశాను.

జాబితాలో "శిథిలాలయం" పేరు చదవగానే మా అమ్మ ముఖం వెలిగింది. "చందమామా, నేనూ ఒకే ఏడు పుట్టాం" అంటుంది ఆవిడ ఎప్పుడూ. 1947 జులైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన ఆ పత్రికలో 1954 నుంచి దాదాపు పాతికేళ్ళు సీరియల్ నవలలు వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఆయన పేరు ఆ పేజీల మీద ఉండేది కాదు. పిల్లలకు తెలిసిన పేర్లు శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, వారిని బొమ్మల్లో చూపిన చిత్ర గారూను. "తోకచుక్క" వచ్చే రోజుల్లో మా అమ్మకు ఏడెనిమిదేళ్ళు. నెలనెలా ఆ కాగితాలు ఊడదీసి, దబ్బనంతో కుట్టి దాచుకున్నదట. అటువంటి కుట్టుపుస్తకాలు ఆ కాలంలో ప్రతి ఇంటా ఉండేవి. ఆవిడవి చెదలు తిన్నాయి. 2010లో దాసరి వారు పోయారు, 2013 నాటికి చందమామే ఆగిపోయింది. నవలలు మాత్రం తరవాత పుస్తకాలుగా వచ్చాయి కనక ఇవాళ్టి తొమ్మిదేళ్ళవాడి చేతికి అందుతున్నాయి. తెలుగు చదవడం నేర్చుకునేవాడికి ఇంతకంటె మంచి వాచకం లేదని నా అభిప్రాయం. వాక్యం చిన్నది, మాట తేట, అధ్యాయం చివర ఎవరో ఒకరు చావుబతుకుల మధ్య ఉంటారు. మా మేనకోడలు మాత్రం ఒక హెచ్చరిక చేసింది: "రాత్రి పడుకోబోయే ముందు చదవద్దు. నానమ్మ ఇంకొకటి చదవమంటుంది."

"బుడుగు"ను చివర పెట్టడం నాకు మొదట వింతగా తోచింది. ఎవరైనా దానితోనే మొదలుపెడతారు గదా! ముళ్ళపూడి వెంకటరమణ గారి ఆ అల్లరిపిడుగు బాపు గారి బొమ్మలతో 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో పుట్టాడు. కారణం అడిగాను. "వాడికి ఇంకా మంచి స్పెల్లింగే రాదత్తా, బుడుగు స్పెల్లింగు ఎలా వస్తుంది?" అన్నది. నిజమే సుమా! శ్రీ జ్ఞానప్రసూనాంబ అనే పేరు వినగా వినగా పిల్లవాడి నోట సీగానపెసూనాంబ అయింది. అసలు మాట తెలిసినవాడికే ఆ కొసరు మాట నవ్వు తెప్పిస్తుంది. మాటలు నేర్చుకుంటున్నవాడికి రెండూ ఒకటే. ఇంత చిన్న సంగతి నాకు ఎమ్మే తరగతి గదుల్లో ఎవరూ చెప్పలేదు.

ఇక కొట్టివేసిన పేరు ఒకటున్నది. "హకల్‌బెరీ ఫిన్" అని వ్రాసి, గీత పెట్టి, "పన్నెండు వచ్చాక" అని పక్కన వ్రాసింది. దీని మీద మా ఇద్దరికీ వాదన జరిగింది. నా దృష్టిలో ఆ వరసలో అన్నిటికంటె గొప్ప నవల అదే. బానిసత్వం రద్దు కాని రోజుల అమెరికాలో, పారిపోయిన బానిస జిమ్‌ను పట్టివ్వడమే ధర్మమని లోకమంతా నేర్పితే, ఆ ధర్మం తప్పితే నరకానికి పోతానని నిజంగా నమ్మి కూడా, పట్టివ్వనని హక్ నిశ్చయించుకునే చోటు పిల్లలు చదవవద్దూ? "చదవాలి. కాని మొదట్లో వాళ్ళ నాన్న తాగి కొడతాడు. వీడు అమ్మానాన్నలను వదిలి ఇప్పుడే వచ్చాడు. సాయంత్రం పూట అది చదివితే నానమ్మ ఏం చేస్తుంది?" అన్నది. పుస్తకం గొప్పదా కాదా అన్నది నా ప్రశ్న, ఏ ఏడు, ఏ పూట చదవాలన్నది దాని ప్రశ్న. నేను జవాబు చెప్పలేదు. గీత అలాగే ఉన్నది.

ఏడో అంకె వేసి దాని ఎదట ఖాళీ వదిలింది. అదేమిటని అడిగితే, "రైలుబడి తప్ప అన్నిట్లోనూ మగపిల్లలే అత్తా. ద్వీపానికి వాళ్ళే వెళ్తారు, గుహలో వాళ్ళే దారి వెతుకుతారు, అడవికి వాళ్ళే పోతారు. ఒకటైనా మన అమ్మాయిది ఉండాలని వెతుకుతున్నాను" అన్నది. మా అమ్మ మంచం మీది నుంచే, "మా చిన్నప్పుడు మేమే శిఖిముఖులమని అనుకునేవాళ్ళమే" అన్నది. "నేనూ అనుకున్నాను నానమ్మా, అది కాదు" అని ఇది. చివరికి దానికి తోచిన ఉపాయం ఏమంటే, బుడుగు చెప్పిందంతా సీగానపెసూనాంబ తిరిగి చెబితే ఒక పుస్తకమవుతుందట. ఎవరైనా వ్రాస్తే ఏడో అంకె దగ్గర వేస్తుందట. నా కేసి చూసింది.

పోయిన ఆదివారం ఫోను చేసి అడిగాను. ఏడో అంకె ఇంకా ఖాళీగానే ఉన్నది. వాడు "రైలుబడి" ముగించి, దడికి సున్నం వేసే చోటికి వచ్చాడు. వాడికంటె ముందు మా అమ్మే నవ్విందట.