ఓడలు పోయినా లేసు మిగిలింది

నరసాపురం అంటే మనలో చాలామందికి రైలు పట్టాలు ఆగిపోయే ఊరనే తెలుసు. అంతర్వేది నరసింహస్వామి దగ్గరకు వెళ్లేవాళ్లు ఇక్కడే రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటేవారు. మొక్కు తీర్చుకునే హడావిడిలో ఊరి సంగతి ఎవరికి పడుతుంది?

ఒకప్పుడు ఇది ఓడలు కట్టిన ఊరంటే నమ్ముతారా! 17వ శతాబ్దంలో సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలు ఇక్కడ తయారయ్యేవి. 1670ల్లో ఈ తీరాన తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఇక్కడి ఓడల పని గురించి రాసిపెట్టాడు. పక్కనున్న పాలకొల్లులో డచ్చివాళ్లు వ్యాపారం చేశారు. తర్వాత ఆ వైభవమంతా గోదారి ఇసుకలో కలిసిపోయింది.

ఓడలు కట్టింది మగవాళ్లయితే, ఆ తర్వాత ఊరికి పేరు తెచ్చింది ఆడవాళ్లు. 19వ శతాబ్దంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు గోదావరి ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఒక సూది, ఒక నూలు ఉండ ఉంటే చాలు. గడప దాటని ఇళ్లలోకి కూడా ఆ పని వెళ్లిపోయింది. బల్లగుడ్డలు, దిండు గలీబులు విదేశాలకు ఎగుమతయ్యాయి.

ఆ వైపు మా బంధువుల ఊళ్లో అరుగు మీద అల్లుతున్న ఒక పెద్దావిడను, "రోజూ ఎంతసేపు చేస్తారండీ ఈ పని?" అని అడిగాను. "పనేంటమ్మా, ఖాళీగా కూచోలేక అల్లుకుంటన్నా" అంది. వంట అయ్యాక మొదలుపెట్టి దీపాలవేళ దాకా ఆ చేతులు ఆగలేదు.

ఆ "ఖాళీగా" అన్నమాటే వాళ్ల కూలిని కరిగించేసింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఈ లేసు స్త్రీల మీద ఒక పుస్తకమే రాసింది. వంటా, పిల్లలూ చూసుకుంటూ గంటల తరబడి అల్లేవాళ్లను కూడా గృహిణులుగానే లెక్కేయడం వల్ల కూలి అంత తక్కువగా ఉందనీ, లాభం వర్తకులకూ ఎగుమతిదారులకూ పోయిందనీ తేల్చింది. గృహిణిగా నాకా మాట సూటిగా తగిలింది. మన పనిని మనమే పని అనకపోతే ఎదుటివాడు కూలెందుకిస్తాడు?

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక ఊరి పేరు పెట్టి ఎక్కడిదో మిషన్ లేసు అమ్మడం కుదరదు. సంతోషమే. కానీ ఆ గుర్తింపు వల్ల కొక్కెం సూది పట్టిన చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ రావాలి కదా? ఈసారి లేసు కొనేటప్పుడు బేరమాడే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది అల్లినావిడకు ఎంత ఇచ్చారు?"